ఫిజిక్స్, మ్యాథ్స్ హోంవర్క్‌లో లెక్క ఆగిపోతే: తరచుగా అడిగే ప్రశ్నలు

హోంవర్క్ చేస్తూ మధ్యలో ఆగిపోయి, ఎవరినైనా అడుగుదామా అని ఆలోచించే విద్యార్థుల కోసం ఈ ప్రశ్నలూ జవాబులూ. హైస్కూల్ నుంచి డిగ్రీ మొదటి ఏడాది దాకా వచ్చే లెక్కలను దృష్టిలో పెట్టుకుని రాశాను. ఎక్కువమంది ఇరుక్కునే చోట జవాబు పొడవుగా ఉంటుంది. పెన్నూ కాగితం దగ్గర పెట్టుకుని చదివితే మేలు, ఎందుకంటే కొన్ని లెక్కలు ఇక్కడే చేసి చూపించాను.

ప్రశ్న రెండుసార్లు చదివాను. ఏం చేయాలో ఒక్క ముక్క తోచడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఫార్ములా వెతకడంతో మాత్రం మొదలుపెట్టకండి. ముందు బొమ్మ గీయండి. అందంగా ఉండక్కర్లేదు. నేలకు ఒక గీత, వస్తువుకు ఒక చుక్క, కదిలే దిక్కుకు ఒక బాణం ఉంటే చాలు. ప్రశ్నలో ఇచ్చిన ప్రతి సంఖ్యనూ యూనిట్‌తో సహా ఆ బొమ్మ మీదే రాయండి. ఏం కనుక్కోమన్నారో అది కూడా రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టండి.

ఆ తర్వాత మాటల్లో దాగిన సమాచారం బయటికి తీయాలి. ‘నిశ్చల స్థితి నుంచి బయలుదేరింది’ అంటే తొలి వేగం సున్నా. ‘నునుపైన తలం’ అంటే ఘర్షణ లేదు. ‘స్థిర వేగంతో సరళరేఖలో వెళ్తోంది’ అంటే నికర బలం సున్నా. ‘గరిష్ఠ ఎత్తుకు చేరినప్పుడు’ అంటే ఆ క్షణంలో పైకి ఉన్న వేగం సున్నా (త్వరణం మాత్రం సున్నా కాదు, అది కిందికి సెకను వర్గానికి 9.8 మీటర్లు ఉంటూనే ఉంటుంది). మ్యాథ్స్‌లో కూడా ఇదే పద్ధతి. వర్గ సమీకరణానికి ‘మూలాలు సమానం’ అన్నారంటే విచక్షణి సున్నా అని చెప్పినట్టే. ఇలాంటి మాటల కింద గీత గీసి, పక్కన వాటి గణిత అర్థం రాసుకోండి. సంఖ్యలు చాలలేదని అనిపించే లెక్కల్లో చాలావరకు కావలసిన సంఖ్య ఇలా మాటల్లోనే ఉంటుంది.

ఎంతసేపు సొంతంగా ప్రయత్నించి, ఆ తర్వాత అడగాలి?

గడియారం కన్నా మీరు చేస్తున్న పనిని చూసుకోండి. కొత్త బొమ్మ గీస్తున్నారు, వేరే దారి ప్రయత్నిస్తున్నారు, చిన్న సంఖ్యలు వేసి చూస్తున్నారు అంటే ఇంకా లెక్కలోనే ఉన్నారు, కొనసాగించండి. అదే సమీకరణాన్ని మూడోసారి తిరగరాస్తున్నారంటే ఇక ముందుకు పోవడం లేదు. ఒక్క లెక్క దగ్గర 15, 20 నిమిషాలు అలా గడిస్తే పక్కన పెట్టి తర్వాతి లెక్కకు వెళ్ళండి, లేదా అడగండి. మూడు గంటలు కుస్తీ పట్టి, విసుగొచ్చి, మొత్తం సబ్జెక్టు మీదే భయం పెంచుకున్నవాళ్ళు చాలామంది ఉంటారు. ఆ కష్టానికి తగిన ఫలితం ఉండదు.

ఎలా అడిగితే సరైన సాయం దొరుకుతుంది?

‘ఈ లెక్క రావడం లేదు, ప్లీజ్ హెల్ప్, అర్జెంట్’ అని అడిగితే ఎదుటివాళ్ళు చేయగలిగింది ఒక్కటే, లెక్క మొత్తం చేసి పంపడం. అది చూసి రాసుకుంటే హోంవర్క్ అయిపోతుంది. మీరు ఎక్కడ ఆగారో ఎవరికీ తెలీదు, మీకు కూడా.

ఇలా అడిగి చూడండి: ‘5 కిలోల పెట్టె గరుకు నేల మీద ఉంది. స్థైతిక ఘర్షణ గుణకం 0.4. దాన్ని 12 న్యూటన్ల బలంతో అడ్డంగా నెట్టారు. ఘర్షణ బలం ఎంత? గురుత్వ త్వరణం 10 అని తీసుకుని నేను 0.4 × 50 = 20 న్యూటన్లు అని చేశాను. పుస్తకంలో 12 న్యూటన్లు అని ఉంది. 20 ఎందుకు కాదు?’

ఈ సందేశంలో లెక్క పూర్తిగా ఉంది. మీరు చేసిన పని ఉంది, రావలసిన సమాధానం ఉంది. అడిగిన ప్రశ్న కూడా ఒక్కటే. చదివిన మనిషి అర నిమిషంలో తప్పు పట్టుకోగలడు. 20 న్యూటన్లు అనేది ఘర్షణ ఇవ్వగలిగిన గరిష్ఠ బలం, ఎప్పుడూ ఇచ్చే బలం కాదు. పెట్టె కదలనంతవరకు, మనం ఎంత నెడితే ఘర్షణ అంతే ఎదురిస్తుంది. కాబట్టి 12. నమ్మకం కలగకపోతే ఘర్షణ 20 అనే అనుకుని చూడండి. ముందుకు 12, వెనక్కి 20 అంటే నికరంగా 8 న్యూటన్లు వెనక్కి. అంటే మీరు నెడుతుంటే పెట్టె మీ మీదికే రావాలి! అలా జరగదు కదా. ఇలా ఒక్కసారి తెలిసొచ్చిందంటే స్థైతిక ఘర్షణ మీద మళ్ళీ డౌట్ రాదు.

లెక్క ఫోటో తీసి పంపేటప్పుడు ప్రశ్న మొత్తం, బొమ్మతో సహా కనిపించాలి. ‘పై లెక్కలోని వేగాన్నే తీసుకోండి’ అని ఉంటే ఆ పై లెక్క కూడా పంపండి. గురుత్వ త్వరణం 9.8 తీసుకోమన్నారా, 10 తీసుకోమన్నారా అన్నది కూడా చెప్పండి. దానివల్ల వచ్చే చిన్న తేడా కోసం ఇద్దరు కూర్చుని పూట పోగొట్టుకోవడం మామూలే.

ఫార్ములాలన్నీ వచ్చు. ఏ లెక్కకు ఏది వాడాలో తెలీదు.

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే అనుకుంటాను. ఫార్ములాను బట్టీ పట్టేటప్పుడు సమీకరణాన్ని మాత్రమే పట్టుకుని, అది ఎప్పుడు పనిచేస్తుందన్న షరతును వదిలేస్తాం. తొలి వేగం, తుది వేగం, త్వరణం, కాలం ఉన్న చలన సమీకరణాలు త్వరణం స్థిరంగా ఉన్నప్పుడే పనికొస్తాయి. స్ప్రింగ్‌కు కట్టిన బరువు కదులుతుంటే బలం క్షణక్షణం మారుతుంది, త్వరణమూ మారుతుంది. అక్కడ వాటిని వాడితే ఎంత జాగ్రత్తగా చేసినా సమాధానం తప్పే వస్తుంది. ఫార్ములా షీట్ రాసుకునేవాళ్ళు ప్రతి సమీకరణం పక్కన ‘ఎప్పుడు’ అని ఇంకో గడి పెట్టుకోండి.

దారి ఎంచుకోవడానికి కొన్ని ఆనవాళ్ళు ఉన్నాయి. కాలం ఇవ్వలేదు, అడగలేదు, ఎత్తులూ వేగాలూ మాత్రమే ఉన్నాయంటే శక్తి నిత్యత్వం వైపు చూడండి. రెండు వస్తువులు ఢీకొన్నాయి, అతుక్కున్నాయి, పేలి విడిపోయాయి అంటే ద్రవ్యవేగ నిత్యత్వం. తాడులో తన్యత, రెండు తలాల మధ్య బలం లాంటివి అడిగితే ఒక్కో వస్తువునూ విడిగా తీసి ఫ్రీ బాడీ డయాగ్రమ్ (దాని మీద పనిచేసే బలాలన్నిటినీ బాణాలుగా చూపే బొమ్మ) గీయక తప్పదు.

ఢీకొనే లెక్కల్లో జరిగే పొరపాటు ఒకటి చూద్దాం. 2 కిలోల బండి సెకనుకు 6 మీటర్ల వేగంతో వచ్చి, ఆగి ఉన్న 1 కిలో బండిని ఢీకొని అతుక్కుపోయింది. చివరి వేగం ఎంత? గతిజ శక్తి మారదనుకుని చేస్తే సుమారు 4.9 వస్తుంది. ద్రవ్యవేగంతో చేస్తే 2 × 6 = 12, దాన్ని మొత్తం 3 కిలోలతో భాగిస్తే 4. సరైనది 4. ముందు గతిజ శక్తి 36 జౌళ్ళు, తర్వాత 24 జౌళ్ళు. మిగతా 12 జౌళ్ళు వేడిగా, శబ్దంగా, బండ్లు వంకరపోవడానికి ఖర్చయ్యాయి. ‘అతుక్కున్నాయి’ అన్న మాట కనబడగానే గతిజ శక్తి నిలవదని గుర్తురావాలి.

వర్గ సమీకరణం సాధిస్తే మైనస్ కాలం వచ్చింది. కొట్టేయాలా?

కొట్టేసే ముందు అది ఏం చెబుతోందో చూడండి. నాకు బాగా ఇష్టమైన లెక్క ఒకటి ఉంది.

25 మీటర్ల ఎత్తున్న భవనం అంచు నుంచి బంతిని సెకనుకు 20 మీటర్ల వేగంతో నిట్టనిలువుగా పైకి విసిరారు. ఎంతసేపటికి నేలను తాకుతుంది? గురుత్వ త్వరణం 10 అనుకుందాం. పైదిక్కును ప్లస్‌గా, విసిరిన చోటును సున్నాగా తీసుకుంటే నేల ఉండేది −25 దగ్గర. కాలాన్ని ‘టి’ అంటే:

−25 = 20టి − 5టి²

అన్నీ ఒకవైపుకు తెచ్చి 5తో భాగిస్తే టి² − 4టి − 5 = 0. కారణాంకాలు (టి − 5), (టి + 1). కాబట్టి టి = 5 లేదా −1.

అడిగినదానికి జవాబు 5 సెకన్లు. ఇక ఆ −1 సంగతి. సమీకరణానికి మనం బంతిని భవనం మీద నుంచి విసిరామని తెలీదు. ఈ క్షణంలో బంతి ఈ ఎత్తులో ఉంది, ఈ వేగంతో పైకి పోతోంది అన్నది మాత్రమే తెలుసు. భవనం లేకుండా, నేల మీద నుంచే ఎవరో ఒక సెకను ముందు విసిరి ఉంటే? అప్పుడు విసిరిన వేగం 30 ఉండాలి. ఒక సెకనులో అది 30 − 5 = 25 మీటర్లు పైకెక్కి, సరిగ్గా 20 వేగంతో భవనం అంచును దాటుతుంది. లెక్క కుదిరింది. −1 అనేది ఆ ఊహాత్మకమైన బంతి నేలను వదిలిన క్షణం. మన కథ సున్నా దగ్గర మొదలైంది కాబట్టి ఆ సమాధానాన్ని వదిలేస్తాం. నోట్‌బుక్‌లో ‘కాలం రుణాత్మకం కాదు’ అని రాసేకన్నా ‘బంతిని విసరకముందు క్షణం కాబట్టి వర్తించదు’ అని రాస్తే మీకు అర్థమైందని దిద్దేవాళ్ళకు తెలుస్తుంది.

మ్యాథ్స్‌లో అదనంగా వచ్చే మూలాల కథ వేరు. ఒక సంఖ్యకు 6 కలిపి వర్గమూలం తీస్తే అదే సంఖ్య రావాలి అన్నారనుకోండి. ఇరువైపులా వర్గం చేసి సాధిస్తే 3, −2 వస్తాయి. −2 వేసి చూడండి: 4కు వర్గమూలం 2, −2 కాదు. వర్గం చేసేటప్పుడు గుర్తు పోతుంది కాబట్టి ఈ దొంగ మూలం లోపలికి వచ్చింది. అందుకే వర్గం చేసిన ప్రతిసారీ మూలాలను మొదటి సమీకరణంలో వేసి చూడాలి. దీనికి తిరగబడ్డ పొరపాటు కూడా ఒకటుంది. ‘ఒక సంఖ్య వర్గం, ఆ సంఖ్యకు 5 రెట్లు’ అన్నప్పుడు ఇరువైపులా ఆ సంఖ్యతో భాగిస్తే 5 ఒక్కటే మిగులుతుంది, సున్నా అనే సమాధానం పోతుంది. సున్నా కావడానికి అవకాశం ఉన్నదానితో భాగించకండి. అన్నీ ఒకవైపుకు తెచ్చి కారణాంకాలు చేయండి.

వాలుతలం లెక్కల్లో సైన్ వేయాలా, కొసైన్ వేయాలా? ప్రతిసారీ తికమకే.

బట్టీ పట్టొద్దు, కోణాన్ని సున్నా చేసి చూడండి. కోణం క్షితిజ సమాంతర రేఖ నుంచి కొలిస్తే, సున్నా అంటే బల్ల పరుపుగా ఉన్న నేల. నేల మీద పెట్టిన వస్తువు తనంతట తాను జారదు, కాబట్టి తలం వెంట లాగే భాగం సున్నా కావాలి. సున్నా దగ్గర సున్నా అయ్యేది సైన్. కాబట్టి జారే దిక్కుకు బరువు × సైన్, తలానికి లంబంగా బరువు × కొసైన్. కోణాన్ని నిలువు రేఖ నుంచి ఇస్తే ఇవి రెండూ తారుమారవుతాయి. బట్టీ పట్టినవాళ్ళు దొరికిపోయేది అక్కడే.

ఈ చిట్కా వాలుతలానికే కాదు. ఏ జవాబు వచ్చినా అందులో కోణాన్ని సున్నా, 90 డిగ్రీలు చేసి, ద్రవ్యరాశిని సున్నా చేసి, లేదా చాలా పెద్దది చేసి చూడండి. ఊహకందని ఫలితం వస్తే మధ్యలో ఎక్కడో తప్పు దొర్లింది.

యూనిట్లు ప్రతి స్టెప్‌లో రాయాలా? చివర్లో రాస్తే చాలదా?

ప్రతి స్టెప్‌లో రాయండి. యూనిట్లు ఉచితంగా దొరికే తనిఖీ. నిలువుగా విసిరిన వస్తువు ఎంత ఎత్తుకు పోతుందో కనుక్కుంటూ, వేగాన్ని గురుత్వ త్వరణానికి రెట్టింపుతో భాగించారనుకుందాం. సెకనుకు మీటర్లను సెకను వర్గానికి మీటర్లతో భాగిస్తే మిగిలేది సెకన్లు. ఎత్తు సెకన్లలో ఉండదు. వేగం వర్గం చేయడం మరిచిపోయారని అక్కడికక్కడే తెలిసిపోతుంది. సమాధానం పుస్తకంలో ఉందో లేదో చూడక్కర్లేదు.

యూనిట్ల తేడా ఎంతదాకా పోతుందో చెప్పడానికి 1999లో నాసా పోగొట్టుకున్న మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే వ్యోమనౌక ఉంది. భూమ్మీద ఒక సాఫ్ట్‌వేర్ థ్రస్టర్ల (నౌకను నెట్టే చిన్న ఇంజన్ల) ప్రచోదనాన్ని, అంటే బలం × కాలాన్ని, పౌండ్-సెకన్లలో ఇచ్చింది, దాన్ని వాడుకున్న బృందం న్యూటన్-సెకన్లు అనుకుంది. ఒక పౌండ్ బలం అంటే దాదాపు 4.45 న్యూటన్లు. వ్యోమనౌక అంగారకుడికి అనుకున్నదానికన్నా బాగా దగ్గరగా వెళ్ళి నష్టమైపోయింది. ఆ సంఖ్య పక్కన యూనిట్ రాసి ఉందా, సరిచూశారా అన్నదే అక్కడ సమస్య. హోంవర్క్‌లో గ్రాములను కిలోలుగా, గంటకు కిలోమీటర్లను సెకనుకు మీటర్లుగా మార్చడం మరిచినప్పుడు జరిగేదీ అదే.

కాలిక్యులేటర్ వింత సమాధానం ఇస్తోంది.

ముందు డిగ్రీ, రేడియన్ మోడ్ చూడండి. సైన్ 30 కొడితే 0.5 రావాలి. −0.988 వస్తే మీ కాలిక్యులేటర్ 30ని రేడియన్లు అనుకుంటోంది. పరీక్షకు ముందు రోజు కూడా ఇది ఒకసారి కొట్టి చూసుకోండి. తర్వాత బ్రాకెట్లు. −3 వర్గం బ్రాకెట్ లేకుండా కొడితే చాలా కాలిక్యులేటర్లలో −9 వస్తుంది. హారంలో రెండు పదాలు ఉంటే మొత్తానికి బ్రాకెట్ పెట్టాలి. మధ్య స్టెప్పుల్లో రౌండ్ చేయకండి, చివర్లో ఒక్కసారి చేయండి.

నా సమాధానం పుస్తకం వెనక ఉన్నదానితో కలవడం లేదు. నాదే తప్పా?

చాలాసార్లు మనదే, కానీ ప్రతిసారీ కాదు. అచ్చుతప్పులు ఉంటాయి. ముందు రెండూ ఒకటేనేమో చూడండి. 1ని వర్గమూలం 2తో భాగించినా, వర్గమూలం 2ని 2తో భాగించినా ఒకే విలువ, 0.707. సమాకలనంలో రెండు జవాబులు వేరుగా కనిపించి, స్థిరాంకం మేరకే తేడా ఉండొచ్చు. సైన్ వర్గం అని ఒకరికి, మైనస్ కొసైన్ వర్గం అని ఇంకొకరికి వస్తే ఇద్దరూ సరే, ఎందుకంటే ఆ రెంటి మధ్య తేడా ఎప్పుడూ 1.

నిజంగానే తేడా ఉంటే, ఆ తేడా ఎంతో చూడండి. సరిగ్గా రెట్టింపు అయితే ఎక్కడో అర పోయింది, లేదా వ్యాసార్ధం బదులు వ్యాసం వాడారు. గుర్తు మాత్రమే తేడా అయితే దిక్కులు తిరగబడ్డాయి. 9.8 రెట్లు తేడా ఉంటే ద్రవ్యరాశికీ బరువుకీ మధ్య తికమకపడ్డారు. 3.6 రెట్లు ఉంటే గంటకు కిలోమీటర్లను మార్చలేదు. ఇవేవీ కాకపోతే మీ స్టెప్పులతో టీచర్ దగ్గరికి వెళ్ళండి. అచ్చుతప్పు అయితే వాళ్ళే చెబుతారు.

సొల్యూషన్ చూసి చేస్తే తప్పా?

ఎలా చూస్తారన్నదాన్ని బట్టి. మొత్తం పేజీ తెరిచి చదివితే ప్రతి లైనూ సబబుగానే కనిపిస్తుంది, ‘ఓహో, ఇంతేనా’ అనిపిస్తుంది. మర్నాడు అదే లెక్క ఇస్తే చెయ్యి కదలదు. సొల్యూషన్ మీద కాగితం కప్పి, మీరు ఆగిన చోటు దాటి ఒక్క లైన్ మాత్రమే చూడండి. మళ్ళీ కప్పేసి మీరే కొనసాగించండి. లెక్క అయ్యాక ఏ లైన్ మీకు తట్టలేదో పక్కన రాసుకోండి. రెండు రోజుల తర్వాత అదే లెక్కను ఏమీ చూడకుండా మొదటి నుంచీ చేయండి. ఈ చివరి పని ఎక్కువమంది ఎగ్గొడతారు. నన్నడిగితే అన్నిట్లోకీ ఎక్కువ లాభం దానిలోనే ఉంది.

ఏఐ చాట్‌బాట్‌ని అడగొచ్చా?

మీ టీచర్ ఒప్పుకుంటే అడగండి. ఒప్పుకోరేమో అనిపిస్తే ముందే కనుక్కోండి. చాట్‌బాట్ అలసిపోదు, విసుక్కోదు, అర్ధరాత్రి కూడా జవాబిస్తుంది. సిగ్గుపడేవాళ్ళకు అది చిన్న విషయం కాదు. అయితే తప్పు చెప్పినప్పుడు కూడా అంతే ధీమాగా, అంతే చక్కటి భాషలో చెబుతుంది. ముఖ్యంగా బొమ్మ చూసి చేయాల్సిన లెక్కల్లో, దిక్కులు, గుర్తులు ఉన్న చోట, పొడవాటి కూడికల్లో జాగ్రత్తగా ఉండాలి. వచ్చిన జవాబును మొదటి సమీకరణంలో వేసి చూడండి, యూనిట్లు చూడండి, కోణం సున్నా చేసి చూడండి.

‘ఈ లెక్క చేసి పెట్టు’ అనకుండా ‘సమాధానం చెప్పొద్దు, నా మూడో లైన్‌లో తప్పుంటే ఆ లైన్ మాత్రం చూపించు’ అని అడగండి. ‘ఇలాంటిదే ఇంకో తేలిక లెక్క ఇవ్వు’ అని అడగడం కూడా బాగా పనిచేస్తుంది.

ఫ్రెండ్ నోట్‌బుక్ చూసి రాయడం?

అది రాత పని మాత్రమే, లెక్క చేసినట్టు కాదు. ఇద్దరూ కలిసి కూర్చుని చేయడం వేరు. కలిసి చేశాక నోట్‌బుక్‌లు మూసి, ఎవరికి వాళ్ళు విడిగా రాయగలిగితే అది మీ సొంత పనే.

ఫిజిక్స్ అర్థమవుతుంది, కానీ లెక్క దగ్గర దెబ్బతింటున్నాను. ఏం చేయాలి?

ఫిజిక్స్‌ను అక్షరాలతోనే చివరిదాకా తీసుకెళ్ళి, సంఖ్యలను ఆఖరి లైన్‌లో వేయడం అలవాటు చేసుకోండి. తప్పులు తగ్గుతాయి, ఎక్కడ దొర్లిందో వెతకడమూ తేలిక. ఆ తర్వాత మీ పాత నోట్‌బుక్ తిరగేసి ఏ రకం తప్పు మళ్ళీ మళ్ళీ వస్తోందో చూడండి. రెండు పదాల మొత్తాన్ని వర్గం చేసేటప్పుడు మధ్య పదం వదిలేస్తున్నారా? 3, 4 వేసి చూడండి: మొత్తం 7, దాని వర్గం 49. విడివిడి వర్గాల మొత్తం 25. ఆ 24 తేడాయే మీరు వదిలేసిన మధ్య పదం. భిన్నాలా, ఘాతాంకాలా, త్రికోణమితా? సమస్య సాధారణంగా ఒకటి రెండు చోట్లే ఉంటుంది. ఆ ఒక్క అంశం మీద పది చిన్న లెక్కలు చేస్తే ఫిజిక్స్ మార్కులు కూడా పెరుగుతాయి.

మాటల లెక్కల్లో ఇంకో ఉచ్చు ఉంది, సగటు. వెళ్ళేటప్పుడు గంటకు 60, తిరిగి వచ్చేటప్పుడు 40 కిలోమీటర్ల వేగం అంటే సగటు 50 అని చేయి తనంతట తానే రాసేస్తుంది. దూరం 120 కిలోమీటర్లు అనుకోండి. వెళ్ళడానికి 2 గంటలు, రావడానికి 3 గంటలు. మొత్తం 240 కిలోమీటర్లు, 5 గంటలు. సగటు వేగం 48. నెమ్మదిగా వెళ్ళిన వేగంతో ఎక్కువసేపు గడిపారు కాబట్టి సగటు అటువైపు మొగ్గింది.

క్లాసులో అంతా అర్థమవుతుంది. ఇంటికొచ్చి కూర్చుంటే ఏమీ రాదు. ఎందుకిలా?

ఎందుకంటే రెండూ వేర్వేరు పనులు. బోర్డు మీద తర్వాతి స్టెప్ ఏమిటో టీచర్ నిర్ణయిస్తారు, మీరు అది సరైనదని ఒప్పుకుంటారు. ఇంట్లో ఆ నిర్ణయం మీది. రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగంలో, పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళకు అయిదు నిమిషాల తర్వాత ఎక్కువ గుర్తుంది. వారం తర్వాత చూస్తే, చదవడం ఆపి గుర్తుకు తెచ్చుకుని రాసినవాళ్ళకే ఎక్కువ గుర్తుంది. వాళ్ళు వాడింది మామూలు వచన పాఠాలు. అయినా లెక్కలకు కూడా ఇది వర్తిస్తుందని నేను గట్టిగా నమ్ముతాను. ఇంటికి రాగానే హోంవర్క్ ముట్టుకోకముందు, క్లాసులో చేసిన ఒక లెక్కను నోట్స్ మూసి మొదటి నుంచీ చేయండి. ఎక్కడ ఆగితే అదే రేపు అడగాల్సిన డౌట్.

రేపే సబ్మిట్ చేయాలి. ఆరు లెక్కలు మిగిలాయి. టెన్షన్‌గా ఉంది.

ఆరూ ఒకసారి చదివి, మీకు వచ్చినవి ముందు చేసేయండి. మిగతావాటికి బొమ్మ, ఇచ్చినవి, అడిగింది, వర్తించే సూత్రం, మీరు వెళ్ళగలిగినంత దూరం రాసి, ‘ఇక్కడ ఆగాను, కారణం ఇదీ’ అని ఒక వాక్యం రాయండి. చాలామంది టీచర్లు స్టెప్పులకు మార్కులు ఇస్తారు. ఇవ్వకపోయినా, అర్థం కాకుండా ఎక్కించిన ఆరు పేజీల కన్నా ఆ ఒక్క వాక్యం చూసి వాళ్ళు మీకు ఎక్కువ సాయం చేయగలరు. తర్వాత నిద్రపోండి.

మా పిల్లలు అడుగుతున్నారు. నాకు ఆ లెక్కలు గుర్తులేవు. నేనెలా సాయం చేయగలను?

లెక్క రాకపోయినా సాయం చేయొచ్చు. పక్కన కూర్చుని ఇవి అడగండి: ‘ఏం కనుక్కోమన్నారు? ఏం ఇచ్చారు? బొమ్మ గీశావా? ఈ లైన్ పై లైన్ నుంచి ఎలా వచ్చింది?’ చెబుతూ చెబుతూ పిల్లలే తమ తప్పు పట్టుకుంటారు. పెన్ను మాత్రం వాళ్ళ చేతిలోనే ఉండనివ్వండి. ‘ఇంత తేలిక లెక్క కూడా రాదా’ అన్న మాట పొరపాటున కూడా అనొద్దు. ఆ మాట విన్న పిల్లలు మరుసటిసారి అడగరు.

డౌట్ అడగాలంటే సిగ్గుగా ఉంది. అందరికీ వచ్చినట్టే కనిపిస్తోంది.

క్లాసులో చేయి ఎత్తలేకపోతే క్లాసయ్యాక నోట్‌బుక్ తీసుకుని వెళ్ళండి. ‘నాకు ఏమీ అర్థం కాలేదు’ అనేకన్నా, ఒక లైన్ మీద వేలు పెట్టి ‘ఇక్కడిదాకా వచ్చింది సర్, ఈ లైన్‌లో మైనస్ ఎలా వచ్చిందో తెలీలేదు’ అనండి. మేడమ్ అయితే ‘మేడమ్’. ఇలా అడిగినవాళ్ళను చిన్నచూపు చూసే టీచర్లు అరుదు. అలాంటివాళ్ళే ఎదురైతే ఇంకో టీచర్‌ను, పై క్లాసు విద్యార్థిని అడగండి. చెప్పింది మొదటిసారి అర్థం కాకపోతే తలూపేసి వచ్చేయకండి. ‘ఇంకోసారి చిన్న సంఖ్యలతో చూపిస్తారా?’ అని అక్కడే అడగండి.